నూకయ్య లాంచీలో వదులైన రివర్సు లివరు

1898వ సంవత్సరం. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన ఇంకా పూర్తి కాలేదు. నీళ్లలోంచి స్తంభాలు మాత్రం ఒక్కొక్కటీ పైకి లేస్తున్నాయి. రైలు దిగినవాళ్లు ఆవిరి లాంచీ ఎక్కి, అవతల కొవ్వూరు రేవులో దిగి మళ్లీ రైలెక్కాలి. ఆ లాంచీలను బాగుచేసే షెడ్డులో నేను ఫిట్టరుని. క్రైస్తవ మిషన్ వారి పనిశాలలో ఇనుము అరగదీసే ఆకురాయి పట్టడం నేర్చుకుని, ఆ పని మీదే బతికినవాణ్ణి. ఎన్ని ఇంజన్లు విప్పి బిగించానో లెక్కలేదు గాని, ఈ ఒక్కటీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వేసవి చివర్లో ఒక లాంచీ కొవ్వూరు రేవును గట్టిగా గుద్దింది. దిగడానికి గొడుగు పట్టుకుని అంచున నిలబడ్డ ఒక గుమాస్తా పడిపోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. లాంచీలో పైన చుక్కాని పట్టేవాణ్ణి సరంగు అంటారు. కింద ఇంజను దగ్గర ఉండే డ్రైవరుకి నీళ్లు కనపడవు, ఒడ్డు కనపడదు. సరంగు కొట్టే గంటే అతనికి కళ్లు. గంట విని ముందుకో వెనక్కో లివరు తొయ్యాలి. లాంచీకి వేరే బ్రేకు ఉండదు, వెనక్కి తోస్తేనే ఆగుతుంది. తాను సకాలంలోనే గంట కొట్టానని, కింద డ్రైవరు నూకయ్యే ఆలస్యం చేశాడని సరంగు వెంకటస్వామి చెప్పాడు. అతను అబద్ధమాడే మనిషి కాడు.

షెడ్డు మేనేజరు నన్ను పిలిచి, ఇంజనులో లోపముంటే బాగుచెయ్యమన్నాడు. లోపం లేదంటే నూకయ్యను దించేసి బొగ్గు యార్డుకి పంపుతానన్నాడు.

నూకయ్యకి యాభై దాటాయి. ఏటిలో చేపలు పట్టుకునే వాళ్ల ఇంట పుట్టి, లాంచీలో బొగ్గు వెయ్యడానికి చేరి, డ్రైవరైనవాడు. నేను వెళ్లేసరికి చల్లారిన ఇంజను పక్కన కూర్చుని ఇత్తడి గొట్టాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచి, తనే మొదలుపెట్టాడు.

"ఇంజను మంచిదేనండి, మేస్త్రీ గారూ. నా చేతుల్లోనే సత్తువ పోయింది. పోయినేడు తోసినట్టు తొయ్యలేకపోతున్నానండి. ఇంట్లో కూడా చెప్పలేదు."

చూసి చెబుతాలే బాబాయ్ అని పనిలోకి దిగాను.

రివర్సు లివరు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. ఇంజను దగ్గర లింక్ అనే వంపు తిరిగిన ఇనుప పట్టీ ఉంటుంది. అది పైకి లేస్తే లాంచీ ముందుకు పోతుంది, పూర్తిగా కిందికి దిగితే వెనక్కి పోతుంది. మధ్యలో ఆగిపోతే ఆవిరి సరిగా అందదు, ఇంజను ఎటూ తేలదు. లివరు నుంచి ఆ లింక్ దాకా కడ్డీలు, కీళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో కీలులో ఒక పిన్ను, దాని చుట్టూ బుష్ అనే కంచు తొడుగు.

లివరుని గాడిలో పెట్టి, దాన్ని కదలకుండా పట్టుకోమని నూకయ్యకి చెప్పి, అటు చివర లింక్‌ని చేత్తో ఊపాను. ఊగింది. ఒక్కో కీలు దగ్గరా వేలు పెట్టి చూశాను. ఏ పిన్నూ విరగలేదు, ఏ కడ్డీ వంగలేదు. ఒక్కో చోట ఉన్న వదులు గోటి మందం కూడా లేదు. ఏ ఒక్క కీలునీ తప్పు పట్టలేం. కానీ అవన్నీ కలిసి ఒకే వైపు జారితే, లివరు చివరి గాడిలో పడ్డా లింక్ సగమే దిగుతోంది.

అప్పుడు నాకు అర్థం కానిది ఒకటే. ఇంత వదులుతో ఇన్నాళ్లూ ఈ లాంచీ ఒడ్డుకి ఎలా చేరుతోంది?

నూకయ్యని ఎప్పుడూ తోసినట్టే ఒకసారి తోసి చూపించమన్నాను. అతను లివరుని చివరి గాడి దాటించి, ఇంక కదలనంత దూరం నెట్టి, పక్కకి తిరిగి కుడి తొడ దానికి ఆనించి, ఒంటి బరువంతా వేసి నిలబడ్డాడు. లింక్ పూర్తిగా దిగింది. పంచె కాస్త పైకి జరిపి చూపించమంటే మొహమాటపడ్డాడు. తొడ మీద అరచేతి మేర చర్మం నల్లబడి, మడమలా గట్టిపడి ఉంది.

"చేతికి కాలు సాయం చేసుకుంటున్నానండి, అంతే."

గంట ముందా, తొయ్యడం ముందా అని అడిగితే ఇంకో సంగతి బయటపడింది. రేవు దగ్గరపడగానే పైన జనం మూటలు తీసుకుని లేస్తారు. బల్లల మీద ఆ అడుగుల చప్పుడు వినగానే, గంట కోసం ఆగకుండా లివరు తోసేస్తున్నాడు. గుమాస్తా పడిన రోజు జల్లు పడుతుండటంతో జనం కప్పు కింది నుంచి లేవలేదు. చప్పుడు రాలేదు. గంట విన్నాకే తోశాడు, అంత బరువూ వేసి నెట్టేసరికి ఆలస్యమైంది.

అరిగిన ఇనుములో ఎంత ఖాళీ ఉందో అంతా ఈ మనిషి తన కండతో, తన చెవులతో నింపుతూ వచ్చాడు. పైన వందల మంది నిశ్చింతగా నది దాటారు. ఇతను మాత్రం తనకి వయసు మీద పడిందనుకుని సిగ్గుపడుతున్నాడు.

"సత్తువ పోలేదు బాబాయ్," అన్నాను. "లోపం కీళ్లలో ఉంది. నీ ఒంట్లో లేదు."

అతను నమ్మలేదు.

కడ్డీలన్నీ విప్పి షెడ్డుకి తెచ్చాను. కోలగా అరిగిన రంధ్రాలను గుండ్రంగా సరిచేసి, వాటికి సరిపడా కంచు బుష్‌లు లేతు యంత్రం మీద తీశాను. కొత్త పిన్నులను ఎముకల బొగ్గుతో పాటు ఇనుప పెట్టెలో పెట్టి కొలిమిలో కాల్చి, నీళ్లలో ముంచాను. అలా చేస్తే పైపొర గట్టిపడి తొందరగా అరగదు. అన్నీ బిగించాక, లివరు కదిలిన మరుక్షణం లింక్ కదిలింది.

తీరా మొదటి ప్రయాణంలో తిప్పలొచ్చాయి. పైన అడుగుల చప్పుడు వినగానే నూకయ్య అలవాటుగా తోసేశాడు. లాంచీ ఒడ్డుకి దూరంగా నీళ్ల మధ్య నిలబడిపోయింది. వెంకటస్వామి పైనుంచి కేకలేశాడు. ఇన్నాళ్ల అలవాటు ఒంట్లోంచి పోవడానికి రోజులు పట్టింది. గంట మోగేదాకా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. కొత్త పిన్నులు వేడెక్కుతున్నాయేమో చూడాలి కాబట్టి నేనూ రోజూ పక్కనే ఉండేవాణ్ణి.

ఈలోగా వరద వచ్చింది. గోదావరి ఎర్రగా, ఒడ్డు తెలియకుండా పారుతోంది. ఆ రోజు నేను ఇంజను గది మెట్ల మీద, తల పై బల్లల మీదికి పెట్టి నిలబడ్డాను. వంతెన స్తంభాల పక్క నుంచి నెట్టే గెడ విరిగిన నాటుపడవ ఒకటి అడ్డంగా కొట్టుకొచ్చింది. నిండా చేపలమ్ముకునే ఆడవాళ్లు. నేరుగా మా ముందుకే వస్తోంది.

గంట మోగింది.

వంగి చూశాను. నూకయ్య ఒక్క చేత్తో లివరు తోసి గాడిలో వేశాడు, అంతే. ఇంజను ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగింది. లాంచీ మొత్తం వణికింది. అంత వరదలో, అంత బరువు, ఆగిపోయింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆ పడవ మా ముందు నుంచి జారిపోయింది. అందులో ఒక ముసలామె ఒళ్లోని గంపని రెండు చేతులతో కావలించుకుని, నోరు తెరిచి మా వైపే చూస్తోంది. కొంత దిగువన ఒడ్డు మెరక మీద ఉన్న జనం తాడు విసిరి వాళ్లను లాక్కున్నారు.

నూకయ్యకి ఇవేవీ కనపడలేదు. లివరు మీద చెయ్యి తియ్యకుండా నన్నడిగాడు.

"గంట అంత గట్టిగా కొట్టాడేంటండి? ఏమైంది?"

చెప్పాను. నమ్మకం కలగక, కాసేపు లివరు నన్ను చూడమని మెట్లెక్కి వెళ్లాడు. తిరిగొచ్చాక తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "మా పేట పడవేనండి," అని మాత్రం అన్నాడు.

అతను ఆ తరువాత చాలా ఏళ్లు డ్రైవరుగానే ఉన్నాడు. నాకైతే పని చేసే తీరే మారింది. ఏ యంత్రం మరమ్మతుకి వచ్చినా, మొదట దాన్ని నడిపే మనిషిని దాని దగ్గర నిలబెట్టి, ఎప్పుడూ చేసినట్టే చెయ్యమంటాను. ఎక్కడ ఒంగుతాడో, దేన్ని ఆనుకుంటాడో, ఎప్పుడు ఊపిరి బిగబడతాడో చూస్తాను. ఆకురాయి పట్టేది ఆ తరువాతే.