నా బదులు అత్తమ్మ చెప్పిన సాక్ష్యం

అప్పుడు నాకు ఏడో నెల. చెన్నూరులో అత్తగారింట్లో బియ్యం చెరుగుతుంటే నడుము కుడి పక్కన మొదలైన నొప్పి గజ్జల దాకా దిగింది. పురుటి నొప్పులేమోనని అత్తమ్మ హడలిపోయింది. కరీంనగర్ ఆసుపత్రి చేరేలోపు నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

స్కానింగ్ చేసిన డాక్టరమ్మ, బిడ్డ బాగానే ఉందని, మూత్రనాళంలో రాయి అడ్డం పడిందని చెప్పింది. కడుపుతో ఉన్నందువల్ల అన్ని మందులూ వాడకూడదంది. సెలైన్ ఎక్కించారు, ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి తగ్గకపోగా చలిజ్వరం కూడా వచ్చింది. అప్పుడన్నాను ఆ మాట.

"బిడ్డను తీసేయుండ్రి మేడం. నాకీ బిడ్డ వద్దు. గీ నొప్పి పోతే సాలు."

నా కాళ్లు పిసుకుతున్న అత్తమ్మ చేతులు ఆగాయి. కాసేపటికి మళ్లీ పిసకసాగింది. డాక్టరమ్మ ఇలాంటివి చాలా విన్నట్టుంది. నడుము కింద మొద్దుబారేలా సూది వేసి, రాయి పక్కనుంచి మూత్రం దిగేలా స్టెంట్ అనే సన్నటి గొట్టం పెట్టింది. నొప్పి పోయింది. నేనన్న మాట పోలేదు.

నెలలు నిండాకే పాప పుట్టింది. ఆ తర్వాత రాయిని తీసి చూపించారు. కందిగింజంత. దీనికోసమా అంత మాటన్నానని సిగ్గేసింది.

మా సంఘంలో గండం గట్టెక్కినవాళ్లు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి. రాయి తీశాక వచ్చిన ఆదివారం పాపను ఎత్తుకుని నిలబడ్డాను. "నాకు నొప్పి లేచినప్పుడు..." అన్నాను. ఆపైన నోరు పెగల్లేదు. పక్కనే చాప మీదున్న అత్తమ్మ లేచింది. పిల్లలు సరదాకి అబద్ధమాడినా చెవి మెలిపెట్టే మనిషి.

"మా కోడలు పండ్లు బిగవట్టి ఓర్సుకున్నది. నాకేమన్న గానీ, నా బిడ్డ సల్లగుండాలె అన్నది. నేను ఇన్న," అంది.

అందరూ స్తోత్రం అన్నారు. తల్లంటే ఇట్లుండాలె అంటూ ఆడవాళ్లు నా తల నిమిరారు. నాకు చచ్చినంత పనైంది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "గట్లెందుకు చెప్పినవ్ అత్తమ్మా?"

"గా మాట నీది గాదు బిడ్డా, నొప్పిది," అంది, నా వైపు చూడకుండా.

నొప్పిది కాదు. ఆ పూట నాకు నిజంగానే పాప వద్దు. కానీ ఆ ముక్క చెబితే, దేవుని ముందు ఆమె ఆడిన అబద్ధం దండగవుతుంది. "అవునత్తమ్మా," అన్నాను.