మీద వీధి నీళ్ళు

ఏడేళ్ళుగా ఒక సంగతి మోస్తున్నాను. బరువనే అనాలి. కానీ అది తలపుకు రాగానే నాకు ముందు నవ్వొస్తుంది, సిగ్గు ఆ తరవాత వస్తుంది. తప్పు చేసినవాళ్ళు కుమిలిపోతారంటారే, మరి నేనెందుకు గిన్నెలు తోముకుంటూ ఒక్కదాన్నే నవ్వుకుంటాను? నాలో ఏదైనా లోపమా? మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు చెప్పను. ఆ ఒక్కటీ పక్కన పెడితే మిగతాదంతా దాచకుండా చెప్పేస్తాను.

మాది అనకాపల్లిలో ఒక ఇరుకు వీధి. పల్లంలో ఉంది కనక కింద వీధి అంటారు. గట్టు మీద ఉన్నది మీద వీధి. రెండు వీధులకూ ఒకటే నీళ్ళ పైపు, దానికి వీధికొకటి చొప్పున రెండు వాల్వులు. ఆ వాల్వుల గొయ్యి సరిగ్గా మా గుమ్మం ఎదురుగా ఉంది. పొద్దున్న గంటసేపు మాకు, గంటసేపు వాళ్ళకు నీళ్ళివ్వాలి. గంట కాస్తా అరగంటైంది, అరగంట పావుగంటైంది, ఆ పావుగంట కూడా రోజు విడిచి రోజైంది. అడిగితే మోటారు కాలిపోయిందన్నారు. మోటారు బాగయ్యాక పైపు పగిలిందన్నారు. ఎక్కడ పగిలిందో మా అందరికీ తెలుసు. రోడ్డు మలుపులో ఏడాది పొడుగునా మడుగు కట్టి ఉండేది, అందులో ఎవరివో బాతులు కూడా ఈదేవి. నీళ్ళ ఆఫీసు వాళ్ళకు మాత్రం అది కనిపించేది కాదు.

సోమవారం సోమవారం ఆ ఆఫీసుకే వెళ్ళి అర్జీలు ఇచ్చాం. ఒక వారం నేనే వెళ్ళాను. రసీదు చేతిలో పెట్టి, పని అయిపోగానే ఫోనుకు మెసేజ్ వస్తుందమ్మా అన్నారు. వచ్చింది కూడా! నేను ఆటో దిగి ఇంట్లో కాలు పెట్టకముందే, మీ సమస్య పరిష్కరించబడినది అని వచ్చింది. ఆత్రంగా కొళాయి విప్పితే గాలి ఈల వేసింది. ఆ మెసేజ్ అందరికీ చూపించాను, వీధంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఏడ్చే ఓపిక లేకనే నవ్వాం.

ఆ వాల్వులు తిప్పే పని అప్పలరాజుది. కాంట్రాక్టు ఉద్యోగం. మనిషి ఎత్తు ఇనప రాడ్డు, పైన అడ్డంగా పిడి, దాన్ని గొయ్యిలోకి దించి తిప్పాలి. అంత బరువు రోజూ మోసుకుపోలేక దాన్ని మా వసారాలో గోడకు చేరేసి వెళ్ళేవాడు. పొద్దున్నే వచ్చి, "అక్కా, టీ ఉందేటి?" అని కేకేసి, మా వాల్వు తెరిచి, టీ తాగి, ఆ తరవాత మీద వీధిది తెరిచేవాడు. నన్ను నమ్మి అక్కడ పెట్టాడు. ఈ మాట దగ్గర నా చెయ్యి ఆగుతోంది. అయినా రాయాలి. నన్ను నమ్మే పెట్టాడు.

ఉగాదికి ముందు రోజు కొత్త అమావాస్య, మా నూకాలమ్మ జాతర. ఆ రోజు ఊళ్ళో చుట్టాలు దిగని ఇల్లుండదు. ఆ ఏడాది మా ఇంటికి రాంబిల్లి నుంచి ఆడపడుచులిద్దరూ పిల్లాపాపలతో సహా పంతొమ్మిది మంది వచ్చారు. ఇంట్లో నీళ్ళు చూస్తే మూడు బిందెలు. అప్పలరాజును జాతర దగ్గర ట్యాంకర్ డ్యూటీకి వెయ్యడంతో, పొద్దున్నే వచ్చి రెండు వాల్వులూ సగం సగం తెరిచి, సాయంత్రం దాకా సర్దుకోండని చెప్పి పరుగెత్తాడు. ఉన్న కాసిని నీళ్ళూ రెండు వీధులకూ చీలిపోయాయి. ఇటు చుక్కలు, అటు చుక్కలు.

పదకొండు గంటలైంది. కోళ్ళు కడగలేదు, బియ్యం కడగలేదు, పిల్లలకు స్నానాలు లేవు. మా అత్తగారు వసారాలో కూచుని నన్ను చూస్తున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ నాతో నవ్వుతూ మాట్లాడిన రోజు లేదు. నేను రాడ్డు వంక చూశాను. తల తిప్పితే ఆవిడా రాడ్డు వంకే చూస్తున్నారు.

"నాను వీధి మొగన కాస్తన్నాను. నువ్వు తిప్పీ," అన్నారు. "బేగి!"

మా వాల్వు మొత్తం తెరిచేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం రాసే అవసరమే వచ్చేది కాదు. ధార కొంచెం పెరిగింది. ఇంకొంచెం కావాలనిపించింది. రాడ్డు పైకి లాగి మీద వీధి వాల్వు మీద పెట్టాను. చేతులు వణికాయని రాద్దామనుకున్నాను. అబద్ధం, వణకలేదు. అక్కడ నలభై ఇళ్ళున్నాయని తెలుసు, వాళ్ళ ఇళ్ళలోనూ చుట్టాలున్నారని తెలుసు. తెలిసే పూర్తిగా కట్టేశాను.

ఇక చూడండి, ఆ నీళ్ళు! కొళాయి ఒక్కసారి దగ్గింది, ఎర్రగా కక్కింది, ఆ తరవాత తెల్లటి నీళ్ళు బొటనవేలంత లావున దూకాయి. "ఓలమ్మో, నీల్లు!" అని ఎవరో అరిచారు. వీధిలో ఉన్న గిన్నెలన్నీ బయటికొచ్చాయి. పిల్లలు బట్టలిప్పి కొళాయిల కింద కూచున్నారు. మా ఆయన బకెట్‌తో వాళ్ళ చెల్లెళ్ళను తరిమాడు. ముసలాళ్ళు కూడా గుమ్మాల్లో నిలబడి కాళ్ళు కడుక్కున్నారు, కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కున్నారు. నీళ్ళెందుకొచ్చాయని ఒక్కరూ అడగలేదు. అమ్మవారి మహిమ అన్నారు, నేనూ చేతులు జోడించాను! కాపలా చాలించి వచ్చిన మా అత్తగారు చెంబు ముంచి, గబుక్కున నా నెత్తిన పోశారు. పోసి పకపకా నవ్వారు. ఆవిడకు అంత నవ్వుందని నాకు అప్పుడే తెలిసింది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు మరొకటి లేదు. ఇది ఒప్పుకోకపోతే మిగతా ఒప్పుకోలుకు అర్థం లేదు.

మధ్యాహ్నానికి మీద వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో దిగి వచ్చారు. మాకవరపాలెం నుంచి వచ్చిన చుట్టాలు తిండి లేకుండా వెనక్కి పోతున్నారని నూకరత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను దగ్గరుండి ఒక్కొక్క బిందే నింపి వాళ్ళ చంకకెత్తాను. "మారాజు తల్లివి పిన్నీ, సల్లగుండు," అంది నూకరత్నం. వాళ్ళ నీళ్ళే వాళ్ళకు పోసి దీవెన తీసుకున్నాను. నోరు విప్పి ఒక్క మాట చెప్పలేకపోయాను. ఎందుకు? భయమా? కాదేమో. మారాజు తల్లి అనిపించుకోవడం బాగుంది, అంతే.

చుట్టాల భోజనాలయ్యాక వాల్వు తెరుద్దామని వెళ్ళాను. కట్టినంత సులువుగా తెరుచుకోలేదు. పాత ఇనుము, బిగుసుకుపోయింది. నేనూ అత్తగారూ వేలాడినా కదల్లేదు. సాయంత్రం అప్పలరాజు వచ్చి చూసి తెల్లబోయాడు. వాడి వల్లా కాలేదు. ఉగాది నాడు కూడా మీద వీధికి చుక్క రాలేదు.

మర్నాడు మీద వీధి ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో నీళ్ళ ఆఫీసు ముందు బైఠాయించారు. సాయంగా నేనూ వెళ్ళాను. నమ్ముతారా? అందరికంటే గట్టిగా అరిచింది నేనే. మలుపులో పగిలిన పైపు గురించి, కాలిన మోటారు గురించి, మా అర్జీల గురించి గొంతు చించుకున్నాను. అన్నీ నిజాలే. చివరికి ఇంజనీరు బయటికొచ్చి, పైపు ఊసే ఎత్తకుండా, వాల్వు మనిషి కింద వీధి వాళ్ళ దగ్గర లంచం తిని నీళ్ళు మళ్ళించాడని చెప్పి లోపలికి పోయాడు. ఆ సాయంత్రమే ఆఫీసు మనుషులు వచ్చి వాల్వు విప్పారు, రెండు రోజుల్లో అప్పలరాజును తీసేశారు.

రాడ్డు ఆఫీసులో అప్పజెప్పాలని, పట్టుకుపోవడానికి మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఆ రోజు దీన్ని ఎవులైనా ముట్టుకున్నారేటి?"

"నానేటి సూసేను తమ్ముడూ, ఇంటినిండా సుట్టాలు."

"నానే కట్టీసేనంతన్నారు. డబ్బులు తిన్నానంతన్నారు."

"ఈ గవర్నమెంటోల్లంతే. ఆల్ల తప్పు నీ మీదకి తోసేత్తన్నారు."

"అంతేలే అక్కా," అని రాడ్డు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ప్రభుత్వాన్ని తిట్టడం ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసు కదా. తిట్టడానికి వాళ్ళెప్పుడూ ఏదో ఒకటి సమకూరుస్తూనే ఉంటారు. వాళ్ళ తప్పు కొండంత, నాది గోరంత అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అప్పలరాజు ఉద్యోగం పోయింది ఆ గోరంత వల్లే కదా? వాడికి తరవాత అచ్యుతాపురంలో ఒక కంపెనీలో పని దొరికింది. మంచి జీతమే, కంపెనీ బస్సు మా వీధి చివరికే వస్తుంది. నా వల్లే బాగుపడ్డాడని కూడా అనుకున్నాను, అంత దాకా వెళ్ళాను! కానీ రెండు వీధుల్లోనూ వాడి పేరు చెడింది. నీళ్ళు రాని ప్రతిసారీ, "ఏరా, ఇయ్యాల కూడా అమ్మీసేవేటి?" అని ఎవరో ఒకరు ఆటపట్టిస్తారు. వాడు తల దించుకుని బస్సెక్కుతాడు. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఈ గుట్టు ఇద్దరిది. కళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ పోయాక మొత్తం నా ఒక్కదానిదే అయింది.

పది రోజుల కిందట కొళాయిలు మళ్ళీ ఎండిపోయాయి. ట్యాంకర్ వస్తుందంటే రెండు వీధుల వాళ్ళం బిందెలు వరసపెట్టుకుని నిలబడ్డాం. అప్పలరాజు బస్సు కోసం అటుగా వచ్చాడు. నూకరత్నం మళ్ళీ అదే మాట విసిరింది. వాడి పక్కన ఈసారి వాడి కూతురు ఉంది, ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది.

"ఆపండర్రా," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆ రోజు మీ వాల్వు కట్టీసింది అప్పలరాజు కాదు. నాను."

అందరూ ఘొల్లున నవ్వారు. "నీకంత సత్తువెక్కడిది పిన్నీ? గేసుబండే జరపలేవు!" అంది నూకరత్నం. ఏడేళ్ళు దాచిన నిజం చెబితే ఎవరూ నమ్మరే! నాకూ నవ్వాగలేదు. అప్పలరాజు మాత్రం నవ్వలేదు.

"ఎన్ని సుట్లు తిరిగిందక్కా?" అన్నాడు.

"పదమూడు. ఆ మీదట కదల్లేదు."

వాడు నా వైపు చూడలేదు. నూకరత్నం వైపు తిరిగాడు. "పదమూడే. ఆ పొద్దు నాను సగం తెరిసింది పదమూడు సుట్లే. ఆ సంగతి తిప్పినోల్లకి తప్ప ఎవులకీ తెల్దు."

నవ్వులు ఆగిపోయాయి. బస్సు హారన్ కొట్టింది. వాడు కూతురి తల నిమిరి, ఇంటికి పొమ్మని చెప్పి, తల ఎత్తుకుని బస్సెక్కాడు. ఈ పది రోజుల్లోనూ నన్ను పలకరించలేదు. పలకరించాలని అడిగే హక్కు నాకు లేదు.

నిన్న మళ్ళీ ట్యాంకర్ వచ్చింది. ముందే వెళ్ళి నా బిందె వరసలో నాలుగోదిగా పెట్టుకున్నాను. నూకరత్నం వచ్చి దాన్ని తీసి అందరి బిందెల వెనక, చిట్టచివర పెట్టింది. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, వెళ్ళి దాని పక్కనే నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి నీళ్ళైపోయాయి. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, దారి పొడుగునా నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.