ఎస్తేరు రాణి గారి పాముపెట్టె

ఇన్సేన్‌లో రైల్వే వర్క్‌షాపు వెనక వీధిలో, మూడో అంతస్తులో ఉండే ఎస్తేరు రాణి ఇరవై ఏడేళ్ళుగా తెలుగు బాప్టిస్టు గుడిలో ఆదివారపు బడి పంతులమ్మ. ఏదెను తోట పాఠం వచ్చినప్పుడు పామును ఆమె తిట్టినట్టు ఇంకెవరూ తిట్టలేరని సంఘంలో పేరు. అలాంటి మనిషి ఇంట్లో పాము ఉంది. చొరబడిన పాము కాదు, పెంచుకుంటున్న పాము.

తప్పంతా పక్క వాటాలో ఉండిన బర్మా పిల్ల మా ఖిన్‌ది. "రెండ్రోజులు చూస్తూ ఉండండి ఆంటీ" అని చేపల థర్మోకోల్ పెట్టెలో నారింజ రంగు పామును పెట్టి ఇచ్చి, ఇల్లు మారిపోయి, మళ్ళీ కనబడలేదు. విషం లేని జాతి, రెండు మూరల పొడుగు. మొదటి రోజు ఎస్తేరు రాణి మంచం మీంచి కాలు కింద పెట్టలేదు. రెండో రోజంతా తిట్టింది. మూడో రోజు తిడుతూ తిడుతూ ఉండగా మాట ఉల్లిపాయల ధర మీదికి, అక్కణ్ణించి మోకాలి నొప్పి మీదికి, ఆఖరికి పోయిన మొగుడు మైకేల్ మీదికి మళ్ళింది. పాము తలెత్తి అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో మైకేల్ ఏనాడూ అంతసేపు వినలేదు. పాములకు చెవులుండవని తర్వాత ఎవరో చెప్పారు. మైకేల్‌కు రెండుండేవి, ఏం లాభం?

సింహాల గుహలో కుదురుగా కూర్చున్న భక్తుడి పేరు పెట్టింది దానికి. దానియేలు. ఇదంతా జరిగి ఎనిమిది నెలలయింది. ఆ ఇంట్లో ఆమె గొంతు తప్ప వేరే గొంతు లేదు. ఉన్న మాట చెప్పాలంటే, దానియేలు లేకపోతే ఆ గొంతు కూడా ఉండేది కాదు.

ఇప్పుడు చిక్కు రెండు వైపుల నుంచీ వచ్చిపడింది. థర్మోకోల్ పెట్టె పొడిపొడిగా రాలిపోతోంది. పైగా గృహప్రార్థన వంతు వచ్చింది. సంఘంలో నలభై ఇళ్ళు, వారానికి ఒక ఇల్లు. శనివారం సాయంత్రం అందరూ దిగుతారు. స్త్రీల సమాజం కార్యదర్శి నిర్మల కూడా దిగుతుంది. గుడి పెద్దల్లో ఒకడైన డీకను సూరి లాటరీ టికెట్టు కొన్నాడని తెలిసి, అతని చేత పాటల పుస్తకాలు పంచే పని కూడా మాన్పించిన మనిషి ఆవిడ. పాము సంగతి బయటపడితే ఆదివారపు బడి ఉండదు. పామును వదిలేస్తే ఇంట్లో ప్రాణం ఉండదు. అందుకని ఎస్తేరు రాణి రైలెక్కి, నగరం నడిబొడ్డున లమ్మడాలో ప్లాస్టిక్ షీట్లు అమ్మే కనకరాజు కొట్టుకు వెళ్ళింది.

"మూతున్న పెట్టొకటి కావాల. మూడడుగులది," అంది.

"అలాగే అప్పా. ఏటి పెడతావు అందులోన?" అని సొంత అక్కను అడిగినట్టే అడిగాడు కనకరాజు.

"బట్టలు."

కొలతలు రాసుకుంటూ, గాలి కన్నాలు ఎన్ని కావాలో ఆమె చెప్పగానే కనకరాజు పెన్సిలు ఆపేశాడు. "బట్టలకి గాలి కన్నాలెందుకేటప్పా?"

దొరికిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పేసింది. కనకరాజు తిట్టలేదు సరికదా, చెప్పులు విప్పి రెండు చేతులూ జోడించాడు. "నాగరాజే! నీ ఇంటికి నడిసొచ్చినాడేటప్పా!" ఆ క్షణం నుంచి అతనికి పాము మీద ఉన్న గౌరవంలో పావు వంతు కూడా ఆమె మీద లేకుండా పోయింది.

షీట్లు ఒక్కొక్కటే బయటికి లాగి, వేలి కణుపుతో కొట్టి చూపించాడు. "చెక్క మాటెత్తకు. మన వానలకి ఉబ్బిపోతాది, తలుపు పట్టీసుకుంటాది. ఇదిగో ఈ ఏక్రిలిక్ సూడు, అద్దం. ఏ పక్క నుంచి సూసినా దర్శనమే."

"నాకు దర్శనం వొద్దు. మా గుడి అయ్యగారికి అసలే వొద్దు."

"పోనీ ఇది. పాల డబ్బాల సరుకు. సుత్తెట్టి కొట్టినా పగలదు. కాకపోతే ఏ జిగురూ దీనికి అంటదు."

ఎస్తేరు రాణికి నిర్మల గుర్తొచ్చింది. అదీ వద్దంది.

ఆఖరికి తెల్లటి ఫోమ్ షీటు తీశాడు. తేలిక, తడికి చెడదు, లోపలి వెచ్చదనం బయటికి పోనివ్వదు. "పాముకి ఇదే మేలు. ఒకటే రోగం, వేడి తగిలితే మెత్తబడిపోతాది. పైన వేడి గిన్నెలెట్టకు."

"పాము మీద గిన్నె ఎవడెడతాడు?"

ఐదు పక్కలా తెల్ల షీటు, ముందు వైపు మాత్రం జరిపి తీసే ఏక్రిలిక్ తలుపు. నాగరాజును పూర్తిగా చీకట్లో పెట్టే పెట్టె తన చేత్తో చెయ్యనని కనకరాజు మొండికేశాడు. చేశాక కూడా వెంటనే ఇవ్వలేదు. "జిగురు వాసన పోవాల. అది నాలికతో వాసన సూస్తాది, మనకన్నా దానికే ఎక్కువ తెలుస్తాది" అని నాలుగు రోజులు పెట్టెను గాలికి పెట్టి, రోజూ పొద్దున్నే నడివీధిలో దాంట్లో తల దూర్చి పీల్చి చూశాడు. వీధివాళ్ళు ఏమనుకున్నారో వాళ్ళకే తెలియాలి.

శనివారం వచ్చింది. ఎస్తేరు రాణి పెట్టెను ముందుగది చివర రెండు స్టూళ్ళ మీద పెట్టి, తలుపు వైపు గోడకు తిప్పి, పైన తన పెళ్ళినాటి తెల్ల లేసు గుడ్డను నేల దాకా కప్పింది. దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది. పుట్టినప్పటి నుంచీ గుడికి వెళ్తున్న మనిషి, గది చివర తెల్లగుడ్డ కప్పిన బల్లను చూసి బాప్టిస్టులు ఏమనుకుంటారో ఒక్క నిమిషం ఆలోచించలేదు.

అయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ప్రభువు బల్ల కూడా సిద్ధం చేసి ఉంచారా ఎస్తేరమ్మా!" అని తిన్నగా వెళ్ళి, దాని మీద బైబిలు పెట్టి, గోడకూ పెట్టెకూ మధ్య ఇరుక్కుని నిలబడ్డారు. వచ్చినవాళ్ళంతా దాని వైపు తిరిగి మోకరించారు.

అయ్యగారికి వాక్యం చెప్పేటప్పుడు బల్ల గుద్దే అలవాటు ఉంది. గుద్దినప్పుడల్లా లోపల ఏదో జరజరమని జరిగేది. అది వినబడకుండా ఎస్తేరు రాణి "ఆమెన్!" అని అరిచేది. నలభై నిమిషాల్లో ముప్పై ఆమెన్లయ్యాయి. ఆ భక్తికి పక్కావిడ కళ్ళు తుడుచుకుంది.

ముగింపు ప్రార్థన అయింది. ఎస్తేరు రాణి గిన్నెలు తెద్దామని వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి ఖాళీగా ఉంది. పొగలు కక్కుతున్న మొహింగా చేపల పులుసు డేగిసాను నిర్మల అప్పుడే ముందుగదిలోకి మోసుకుపోయి, బైబిలు తీయించి, లేసు గుడ్డ మీద పెట్టేసింది.

"కిందెట్టు నిర్మలా, కిందెట్టు!"

"తినేది నేల మీదెడతారేటప్పా?" అని నిర్మల గరిటె అందుకుంది.

ఎస్తేరు రాణి చూస్తూ ఉండగానే గుడ్డ మధ్యలో కొంచెం కుంగింది. ఇంకొంచెం కుంగింది. దాని కింద దానియేలు ఉన్నాడు. నోరు మూసుకుంటే ఇరవై ఏడేళ్ళ బడి దక్కుతుంది. మూసుకుందామనే అనుకుంది. కానీ కాళ్ళు ఆగలేదు. పరుగెత్తి, మసిగుడ్డ కూడా లేకుండా కాలే డేగిసాను రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టేసింది. గుడ్డ లాగి, పెట్టెను తిప్పి, తలుపు జరిపి, గుంటపడిన మూత కిందికి చెయ్యి దూర్చింది. దానియేలు ఎర్రగా కాలిన ఆ చేతికే చుట్టుకుని బయటికొచ్చాడు. దెబ్బేమీ తగల్లేదు.

ఆ తర్వాత లేచిన కేకలు వర్క్‌షాపు దాకా వినబడి ఉంటాయి. సంఘంలో సగం మంది మెట్ల మీదికి పోయారు. అయ్యగారు బైబిలును గుండెకు హత్తుకుని బెంచీ ఎక్కారు. నిర్మల గరిటె ఎత్తి పట్టుకుంది.

"పామా! ఇంతసేపూ పాము నెత్తి మీద వాక్యం సెప్పించినావా? ఈమె పిల్లలకి పాఠం సెప్పడానికి తగునా అయ్యగారూ? బడి తీసేయండి!"

"తీసేయండి," అంది ఎస్తేరు రాణి. అనేశాక ఏడుపొచ్చింది. "నాను ఒక్కదాన్నే ఉన్నానయ్యగారూ. మీరు వంతొచ్చినప్పుడు వొస్తారు, తిని ఎల్లిపోతారు. మళ్ళీ పది నెల్ల దాకా ఈ గుమ్మం ఎవులూ తొక్కరు. ఇది రోజూ ఉంటాది. నానేటి సెయ్యను?"

నిర్మల గరిటె మెల్లగా కిందికి దిగింది.

అయ్యగారు బెంచీ దిగారు. "ఆదివారం బడి తొమ్మిదింటికి," అన్నారు, పాము వైపు చూడకుండా. "ఎప్పట్లాగే మీరే చెబుతారు."

ఎస్తేరు రాణి కళ్ళు తుడుచుకుని, దానియేలును మెడలో వేసుకుని, నేల మీది డేగిసా దగ్గర కూర్చుని వడ్డించింది. ఒకరిద్దరు రుచి చూశామనిపించారు. మిగతావాళ్ళకు ఆకలి లేదట. అయ్యగారు మాత్రం తన గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం కావాలని మళ్ళీ ముందుకు చాపారు. బెంచీ దగ్గర్నుంచి అడుగు కదపకుండా, చెయ్యి సాగినంత దూరం సాచి మరీ చాపారు.