జిగురత్త, పడమటి కిటికీ

మా బైండింగ్ షాపులో జిగురు రాసే ఆవిడను అందరం జిగురత్త అనేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళుగా రిజిస్టర్ల వెన్నుకు జిగురు రాసి రాసి ఆవిడ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, జిగురు ఉడికే పొయ్యి వెలిగించి, మా అందరి స్టూళ్ళ మీది దుమ్ము తుడిచేది. ఆ పని చెయ్యమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చేస్తున్నానని ఆవిడా ఎవరికీ చెప్పుకోలేదు.

అంత నెమ్మదస్తురాలికీ చిర్రెత్తుకొచ్చే విషయం ఒకటుండేది. అది పడమటి కిటికీ.

ఆ కిటికీ తెరిస్తే జిగురు పట్టదట. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పే మొదటి మాట అదే. ఎవరూ తెరవకుండా రెక్కలు రెండూ కలిపి రంగేసేశారు కూడా. వెనక వీధి బైండింగ్ షాపువాళ్ళు సైతం మమ్మల్ని చూసి వాళ్ళ పడమటి కిటికీ మూసుకున్నారు.

ఆ వేసవిలో మా కుట్టుపని అమ్మాయికి ఆయాసం పట్టుకుంది. పది కుట్లు వేసేది, సూది పక్కన పెట్టేది, ఊపిరి కోసం తడుముకునేది. గాలి ఆడేచోట కూర్చోమన్నాడు డాక్టరు. ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉంది, ఇంకో ఆధారం లేదు. అయినా, “శనివారం దాకా చూస్తా. నావల్ల కాకపోతే మానేస్తా” అంది.

“ఆ కిటికీ తెరవండర్రా, పిల్ల ఉక్కిరిబిక్కిరైపోతోంది” అంది జిగురత్త.

మేస్త్రి నవ్వాడు. “జిగురు పట్టదు కదత్తా. నువ్వు నేర్పిందేగా!”

“నేనా? నా మొహం! ఇరవయ్యేళ్ళ కిందట అక్కడ కందిరీగలు గూడు పెట్టాయి. ఒకటి కుట్టి నా చెయ్యి గుమ్మడికాయలా వాచింది. ఇవాళ్టికి ఆ కిటికీ మూసెయ్ నాయనా అన్నాను. అప్పటికి నువ్వు చేరి వారం.”

“ముందురోజు చేసినవి ఊడొచ్చాయి. మూశాక చేసినవి గట్టిగా పట్టాయి. నా కళ్ళతో చూశా.”

“ముందురోజు జిగురు పిండి పుచ్చిపోయిందిరా! కొత్త పిండి తెచ్చాక పట్టింది!”

అట్టలు కోసేవాడు అందుకున్నాడు. “అదేం కాదత్తా. నేనూ ఓసారి తెరిచి చూశా. నాలుగు పుస్తకాలు ఊడాయి.”

“కిటికీ మూసి ఉన్నప్పుడు ఊడలేదా?”

“అది వేరు. అది చేతి తప్పు.”

“వెనక వీధి వాళ్ళు కూడా ఇదే అంటున్నారు” అన్నాడు మేస్త్రి.

“వాళ్ళకు చెప్పింది నువ్వే కదరా!”

“ఇంతమందికి తెలిసింది అబద్ధమా? వయసు మీద పడింది, నువ్వే మర్చిపోయుంటావ్ అత్తా.”

జిగురత్త తల పట్టుకుంది. “కుట్టింది నా చేతిని, అన్నది నా నోరు. నా సంగతి నాకే పాఠం చెప్తున్నారు, భగవంతుడా!”

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ స్టూలెక్కింది. నేను స్టూలు పట్టుకున్నాను. అట్టల కత్తితో రంగు గీకి, భుజంతో ఒక్క తోపు తోసింది. రెక్కలు తెరుచుకుని గాలి గదిలోకి వచ్చింది. అమ్మాయి కుట్టుబల్లను నేనూ జిగురత్తా కిటికీ దగ్గరికి ఈడ్చాం. ఆ గాలిలోనే జిగురత్త ఆరు రిజిస్టర్లకు జిగురు రాసి బరువు కింద పెట్టింది.

“రేప్పొద్దున లాగి చూడు. ఒక్కటి ఊడినా ఈ పిల్లతో పాటు నేనూ వెళ్ళిపోతా” అంది మేస్త్రితో. అమ్మాయి వద్దు వద్దని చేతులు పట్టుకున్నా వినలేదు.

పొద్దున్నే మేస్త్రి ఒక్కొక్కటీ లాగాడు. అయిదు కదల్లేదు. ఆరోదాన్ని మోకాలికి అదిమిపెట్టి మరీ లాగాడు. అట్ట చిరిగింది కానీ వెన్ను ఊడలేదు.

“నీ చేతి చలవ అత్తా” అన్నాడు చివరికి. “ఇంకెవరు రాసినా ఊడేది.”

జిగురత్త ఆ చిరిగిన అట్టతోనే అతని వీపున ఒకటి వేసింది. కిటికీ మాత్రం తెరిచే ఉంది. అమ్మాయి పనిలోనే ఉంది.

రెండు నెలలకు జిగురు పనిలోకి ఓ నడివయసు మనిషి కొత్తగా చేరాడు. మేస్త్రి అతనికి షాపంతా చూపిస్తూ గంభీరంగా, “మొదటిమాట గుర్తుపెట్టుకో. ఈ పడమటి కిటికీ మూస్తే జిగురు పట్టదు. మా జిగురత్త ఇరవయ్యేళ్ళ కిందటే కనిపెట్టింది” అన్నాడు.

జిగురత్త కుంచె గిన్నెలో పడేసి విసురుగా లేచింది. ఒరేయ్ అనబోయి కిటికీవైపు చూసింది. అమ్మాయి సూది ఆపకుండా కుడుతోంది. మధ్యలో చిన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది.

“నిజమేనాండీ?” అని అడిగాడు కొత్త మనిషి.

జిగురత్త పళ్ళు కొరుక్కుంది. కుంచె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“నిజమే నాయనా. అస్సలు ముయ్యొద్దు” అంది.