సత్తెమ్మ పిన్ని ఆరేసిన డిజైను

కంప్యూటర్లు కింద పడి పాడవుతాయి, పిడుగు పడి పాడవుతాయి, ఎలకలు వైర్లు కొరికి పాడవుతాయి. రాజమండ్రిలో ఓ కంప్యూటర్ మెకానిక్కు ఇవన్నీ చూసినవాడే. మొన్నామధ్య నేను పట్టుకెళ్ళింది ఎలా పాడైందో చెప్పేసరికి మాత్రం స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసి, మొదట్నించి మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాక పక్క షాపాయన్ని కూడా పిలుచుకొచ్చాడు. మూడోసారి ఇద్దరికీ కలిపి చెప్పాను. మీకిది నాలుగోసారి. కాబట్టి కాస్త సాఫీగానే వస్తుంది, వినండి.

నేను నరసాపురంలో లేసులు ఎగుమతి చేసే షాపులో పని చేస్తానని మీకు తెలుసుగా. ఇంటర్ రెండుసార్లు తప్పి, పార్శిళ్ళు కట్టడానికి చేరాను. నెల రోజుల కంప్యూటర్ కోర్సు చేశానని తెలిసి మా ఓనరు రాజు గారు పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చి, కొత్త డిజైన్లు గియ్యమన్నారు. అలా పార్శిళ్ళ గదిలోంచి కిటికీ ఉన్న గదిలోకి వచ్చాను. ఆ కిటికీలోంచి గోదారి గాలి వస్తుంది. గాలి వస్తే నాకు ఊహలొస్తాయి. సముద్రంలో కలిసేచోట గోదారి నీళ్ళు నురగలు కడతాయి చూడండి, ఆ నురగ అంచుగా, మధ్యలో ఒకే ఒక్క విచ్చిన పువ్వు. మనసులో అంతా బ్రహ్మాండంగా ఉండేది. మౌసు పట్టుకుని గీస్తే బంగాళాదుంప వచ్చేది.

నేను ఏం గీసినా రాజు గారు కళ్ళజోడు పైకి నెట్టి చూసి, "ఇది కూరగాయల కంపెనీకి పంపుదామా?" అనేవారు.

ఇలా ఉండగా ప్రింటరు ఇంకు కోసం రాజమండ్రి వెళ్ళాను. ఆ షోరూములో ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి చేతిలో ఒక లాప్‌టాప్ ఉంది. స్క్రీను పట్టుకుని సుతారంగా ఇలా తిప్పింది. అది మెడ తిప్పి నన్ను చూసినట్టే చూసి, వెల్లకిలా కీబోర్డు మీద పడుకుంది. అంతే, లాప్‌టాప్ కాస్తా పలక అయిపోయింది. ట్యాబ్లెట్ పీసీ అంటారట. పక్కనుంచి ఒక పెన్ను లాగి, నా పేరడిగి, ఆ గాజు మీద ఇంగ్లీషులో ప్రసాద్ అని రాసింది. మొదటి అక్షరానికి కింద ఒక తీగ లాగి వదిలింది. నా పేరు అంత అందంగా ఉంటుందని ఇరవై మూడేళ్ళుగా నాకే తెలీదు.

డ్రాయింగ్ వేసేవాళ్ళకి ఇదే కరెక్టని, పాతది మార్చేసుకోమని చెప్పింది. జాగ్రత్తలు కూడా మూడు చెప్పింది. నేను ఆ తీగ చూస్తూ ఉండిపోయాను. రెండు గుర్తున్నాయి. కింద పడెయ్యకూడదు, గీతలు పడనివ్వకూడదు. మూడోదేంటో తర్వాత తెలిసింది లెండి.

వచ్చిన రోజునుంచి రాజు గారి వెంటపడ్డాను. ఉన్నది నడుస్తోందిగా, కొత్తదెందుకని ఆయన. నడవడం కాదండీ, గియ్యాలి అని నేను. ఆయన టిఫిన్ చేస్తుంటే చెప్పాను, స్కూటరు తుడుస్తుంటే చెప్పాను, దణ్ణం పెట్టుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈసారి పట్టు వదలదల్చుకోలేదు. నాలుగో రోజుకి ఆయనే విసిగిపోయి షోరూముకి ఫోన్ చేశారు. మా షాపు కంప్యూటర్లన్నీ అక్కడివే కాబట్టి వాళ్ళు, వారం రోజులు వాడి చూసి నచ్చితే ఉంచుకోండి, లేకపోతే ఇచ్చినట్టే తిరిగిచ్చెయ్యండి అన్నారు.

ఫోన్ పెట్టేసి రాజు గారు నాకో షరతు పెట్టారు.

"కాగితం ఉండకూడదు, శాంపిలు ఉండకూడదు. నువ్వు అందులో గియ్యాలి, అందులో చూసి ఒక మనిషి అల్లాలి. గురువారం పదకొండింటికి ఏజెంటు గారొస్తారు. ఆ లేసు ముక్క నా టేబుల్ మీదుంటే కొత్తది కొందాం. లేదా, ఆ పాత లాప్‌టాప్ కూడా నీకొద్దు. పార్శిళ్ళ గదిలో నీ దారపుండ అలాగే ఉంది."

ఏజెంటు గారంటే పైదేశం వాళ్ళకి ఏ డిజైన్లు కావాలో ఏరి పంపే మనిషి. ఆయన ఊ అంటే లేసు అల్లేవాళ్ళుండే మా పేటలో వందమందికి పని. ఊహూ అంటే బీరువాలోకి. నా డిజైను ఇంతవరకూ ఆయన దాకా వెళ్ళనే లేదు.

సోమవారం పొద్దున్నే మెషీను రాగానే ఆ పెన్నుతో గీశాను. నిజం చెబుతున్నాను, గోదారి నురగ నురగలానే వచ్చింది. పువ్వు పువ్వులానే వచ్చింది. తెల్ల స్క్రీను మీద నల్ల గీతలు. కింద నా పేరు రాసి, తీగ లాగాను కూడా.

సాయంత్రం సైకిల్ మీద సత్తెమ్మ పిన్ని ఇంటికి పట్టుకెళ్ళాను. పిన్ని మాకు చుట్టం కాదు, పేటలో అందరికీ పిన్నే. నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. ఆవిడకి కాగితమంటే నమ్మకం లేదు. ఎవరైనా అల్లిన ముక్క ఇస్తే వేళ్ళతో తడిమి, కళ్ళు మూసుకుని లెక్క పట్టేస్తుంది. అలాంటి మనిషి ముందు ఈ గాజు పలక పెట్టాను. పెన్నుతో తడితే పువ్వు పెద్దదవడం చూసి తనూ వేలితో రేకులు తడిమింది. తర్వాత పలక అంచు పట్టుకుని ఊపి చూసింది.

"చెయ్యి తగిల్తే ఏమన్నా అవుద్దా?"

"ఏం కాదు పిన్నీ. పలకనుకో. కింద పడకూడదు, గీత పడకూడదు, అంతే."

"అడుగున వేడిగా ఉందేంటి?"

"ప్లగ్గులో ఉంటే అలాగే ఉంటది. మంచిదే అది."

ఈ మంచిదే అన్న మాట నేనెందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. కొత్త వస్తువు మీద ప్రేమలో ఉన్నవాడికి దాని జ్వరం కూడా ముద్దుగానే ఉంటుంది.

మంగళవారం వెళ్ళి చూశాను. పిన్ని పలకని బియ్యం డబ్బాకి ఆనించి, దాన్నే చూస్తూ అల్లుతోంది. బుధవారం సాయంత్రానికి లేసు పూర్తయింది. గంజి పెట్టి పొద్దున్నకి సిద్ధం చేస్తానంది పిన్ని. మర్నాడు డిజైనూ ముక్కా పక్కపక్కన పెట్టి రాజు గారికి చూపించాలని పలకని అక్కడే ఉంచేశాను. ఆ రాత్రి నిద్రలో కూడా సంతకాలు పెట్టాను.

గురువారం పది గంటలకి రాజు గారు నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని తనే బయల్దేరారు. దేన్ని చూసి అల్లారో కళ్ళారా చూస్తేగానీ నమ్మరట.

పిన్ని పెరట్లో ఉంది. ముందు గదిలో పీట మీద నా పలక. నల్లటి స్క్రీను, దాని నడిమధ్య తెల్లగా నా పువ్వు, చుట్టూ నురగ. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నేను గీసింది నల్ల గీతలతో కదా, ఇది తెల్లగా ఎలా వచ్చిందబ్బా అనుకున్నాను. కొత్త మెషీను కదా, నా మనసు తెలుసుకుని తనే మార్చుకుందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"క్లారిటీ చూడండి సార్. దారం దారం విడిగా కనపడుతోంది."

రాజు గారు వంగి, కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"పెద్దది చేసి చూపిస్తానుండండి," అని పెన్ను తీసి పువ్వు మీద తట్టాను. పెద్దదవలేదు. మళ్ళీ తట్టాను. పెన్ను మొన రెండు రేకుల మధ్య ఇరుక్కుంది. లాగితే పువ్వు కూడా వచ్చేలా ఉంది.

"అది దారమేనయ్యా," అన్నారు రాజు గారు.

అప్పుడు పెరట్లోంచి పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ముట్టుకోకండయ్యా, ఇంకా తడి ఆరలా," అంది.

సంగతేంటంటే, పేటలో మంచి ముక్కలకి గంజి పెట్టాక గాజు మీద పరిచి ఆరబెడతారు. ముడత రాదు, అంచు వంకర పోదు. పిన్ని దగ్గర పాత ఫొటోఫ్రేము గాజొకటి ఉంది గానీ దానికి ఓ మూల పగిలింది. నా గాజేమో నిగనిగలాడుతూ, చదునుగా, పైగా అడుగున వేడిగా. పలకనుకో అని నేనే చెప్పానాయె. కింద పడెయ్యలేదు, గీత పడనివ్వలేదు, చెప్పిన జాగ్రత్తలు రెండూ తప్పకుండా పాటించింది. మూడో జాగ్రత్త ఏమై ఉంటుందో నాకు అప్పుడే, ఆ పీట ముందే అర్థమైంది. గంజినీళ్ళు అంచుల్లోంచి లోపలికి దిగుతున్నాయి.

ప్లగ్గు పీకబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"పీకితే వేడి పోద్ది. వేడి పోతే మజ్జానం దాకా ఆరదు. ఇప్పుడు లాగితే రేకులు ముడుచుకుపోతాయి. అరగంట ఆగు నాయనా."

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండింటికి ఏజెంటు గారు. ప్లగ్గు పీకితే మెషీను బతుకుతుందేమో, డిజైను మాత్రం ముడుచుకుపోతుంది. ఉంచితే డిజైను బతుకుతుంది. రాజు గారి వైపు చూశాను. ఆయన మంచమ్మీద కూర్చుని, చెంపకి చెయ్యి ఆనించి, "నీ మెషీను, నీ డిజైను. నువ్వే తేల్చుకో," అన్నారు.

ఆ అమ్మాయి నా పేరు రాసిన గాజు అది. కానీ నురగ నాది. పువ్వు నాది. ప్లగ్గు మీంచి చెయ్యి తీసేశాను.

"ఉండనీ పిన్నీ," అన్నాను.

ముగ్గురం పీట చుట్టూ కూర్చున్నాం. పావుగంటకి లోపల్నుంచి కుయ్‌మని చిన్న చప్పుడైంది. లేసు వెనకాల స్క్రీను ఒక్కసారి వెలిగి, ఎర్రవీ పచ్చవీ నీలంవీ గీతలు అడ్డంగా పరిగెత్తాయి. తెల్లటి పువ్వు వెనకాల అన్ని రంగులు. ఎంత బాగుందో చెప్పలేను.

"ఇది కూడా నువ్వు గీసిందేనా?" అన్నారు రాజు గారు.

కాదండీ అన్నాను. గీతలు ఆగిపోయాయి. మళ్ళీ వెలగలేదు.

పదీ నలభైకి పిన్ని లేసు సూదితో అంచులు మెల్లగా లేపి, ముక్కని చేతిలోకి తీసుకుంది. వేయించని అప్పడంలా నిటారుగా నిలబడింది. రాజు గారు దాన్ని అట్ట మధ్య పెట్టి నా చేతికిచ్చి, స్కూటరు మీద కదలకుండా కూర్చోమన్నారు. దారి పొడుగునా ఊపిరి కూడా చిన్నగానే పీల్చాను.

ఏజెంటు గారు వెలుతురుకి ఎత్తి చూశారు. తిరగేసి చూశారు. ఇంత చదునుగా ఎవరు ఆరబెట్టారని అడిగారు. డిజైను గురించి ఏమంటారోనని నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. ఆయన ముక్కని బ్యాగులో పెట్టుకుని, రెండు సైజుల్లో చేయించమని రాజు గారికి చెప్పారు. రెండు సైజుల్లో. నా నురగ రెండు సైజుల్లో.

ఇక మెకానిక్కు సంగతి. నాలుగు గంటలు విప్పి చూసి, స్క్రీను పోయింది, పెన్ను పని చెయ్యదు, మిగతాదంతా ఆన్ అవుతోంది, వేడెక్కుతోంది, అంతకుమించి దానితో పనేం ఉండదన్నాడు. షోరూముకి ఇచ్చినట్టే ఇవ్వడం కుదరదు కాబట్టి అది మాదైపోయింది. నేను మాత్రం పార్శిళ్ళ గదికి వెళ్ళలేదు. కిటికీ గదిలోనే ఉన్నాను, పాత లాప్‌టాప్‌తో, మౌసుతో. కొత్తది కొంటామన్నారు కదండీ అని రాజు గారికి గుర్తు చేశాను. కొన్నాం కదయ్యా అన్నారు.

బొమ్మ రాకపోయినా వేడి వస్తోందని తెలిసి, సత్తెమ్మ పిన్ని దాన్ని అడిగి పట్టుకుపోయింది. ఇప్పుడు పేటలో మంచి ముక్కలన్నీ దాని మీదే ఆరుతున్నాయట. నిన్న ఆవిడే షాపుకొచ్చి రాజు గారి ముందు కూర్చుంది. చిన్న ముక్కలకి బానే ఉంది గానీ టేబుల్ క్లాతుకి చాలట్లేదు, ఇంకా పెద్ద స్క్రీనుతో, ఇంకాస్త వేడెక్కే కొత్త మోడలు వచ్చిందేమో కనుక్కోమంది.

నేను నాలుగు రోజులు వెంటపడాల్సొచ్చింది. ఆవిడకి రాజు గారు కాఫీ ఇంకా చల్లారకుండానే సరేనన్నారు. రేపు పొద్దుటి బస్సుకి రాజమండ్రి వెళ్ళి చూసి రావాల్సింది నేనే.