బావ చేయి, తెరమీద చుక్క

మా అక్క మొగుడు నాచారంలో రేకులు వంచే ప్రెస్ మీద పనిచేసేవాడు. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మనిషి చేయి కదపాలనుకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాన్ని తలకు తొడిగిన టోపీతో పట్టుకోవడం ఎలాగా అని అప్పట్లో నేను ఉప్పల్ అవతల ఒక కాలేజీలో తల బద్దలుకొట్టుకుంటున్నాను. అది దొరికితే మోటారున్న తొడుగు ఒకటి వేసి బావ పిడికిలి మూయించొచ్చు. చేయి ఆడితే పనిలోకి తీసుకుంటామని సూపర్‌వైజర్ అన్నాడట. ఇక ఇంట్లో అందరికీ నేనే దేవుణ్ణి.

జిడ్డుంటే సంకేతం అందదని అక్క పొద్దున్నే కుంకుడుకాయతో ఆయన తల రుద్ది తీసుకొచ్చేది. పిడికిలి మూస్తున్నట్టు ఊహించుకోమంటే చాలు, సంకేతం అందినట్టు కంప్యూటర్ తెరమీద చుక్క కుడివైపుకు పరుగెత్తేది. నేను ఎగిరి గంతేశాను. అక్క మౌలాలి గుట్టెక్కి మొక్కు తీర్చుకొచ్చింది.

నాకే అనుమానం మొదలైంది. చుక్క మరీ బుద్ధిగా కదులుతోంది. మెదడు అంత శుభ్రంగా మాట్లాడదు. ఒకరోజు తెర వదిలేసి బావ మొహం చూశాను. దవడ బిగుసుకుని ఉంది. ప్రెస్ హ్యాండిల్ గుంజేటప్పుడు అక్కడ అందరూ పళ్లు బిగబడతారు. బావకు చేయి కదపడమంటే ఆ హ్యాండిల్ గుంజడమే. ఇన్నాళ్లూ టోపీ పట్టింది చేతి తలపును కాదు, దవడ కండరాన్ని. నా తెలివంతా మట్టిగొట్టుకుపోయింది.

"బావా, పండ్లు బిగవట్టకు. నోరు జర వదులుగ వెట్టి అనుకో," అన్నాను.

చుక్క కదల్లేదు. మళ్లీ చేయించాను, మళ్లీ కదల్లేదు. ఆయన నుదుటి చెమట టోపీ కింద పూసిన జెల్‌తో కలిసి కారింది.

"ఏమైంది బామ్మర్దీ? నేనైతే గట్టిగనే గుంజుతున్న."

ఉన్నదంతా చెప్పేశాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆయన ఎడమచేత్తో దవడ తడుముకున్నాడు.

"గట్లయితే పండ్లతోనే నడిపియ్యరాదు?"

"నడుస్తది బావా. గని నువ్వు తిన్నా, మాట్లాడినా పిడికిలి మూసుకుంటది. ప్రెస్ కాడ గదెంత ప్రమాదమో నీకు తెల్వదా?"

"డ్యూటీల ఏం తినను. మాట్లాడను గూడ."

బయట కూర్చున్న అక్క లోపలికొచ్చి ఆయన తల తుడిచింది. నేనూ వాళ్లతో ఆటో ఎక్కాను. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఆమె ఏమడిగినా బావ నోరు విప్పలేదు. నామీద కోపమొచ్చిందేమో అనుకుంది పిచ్చిది. డ్యూటీ కోసం ఆయన అప్పుడే మాట్లాడకపోవడం అలవాటు చేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. రోడ్డు వైపు తిరిగి ఏడ్చాను.