నల్లగుట్ట ద్రాక్షతీగ

మూడేళ్ల కిందటి మాట. తార్నాకలో సిటీ బస్సెక్కిన ఒక పెద్దాయన, గోనెపట్టా చుట్టిన పొడవాటి కట్టతో నా పక్కన కూర్చున్నాడు.

"ఏందది?" అంది కండక్టరమ్మ.

"ద్రాక్షతీగమ్మా. పాణం బాలేదు. యూనివర్సిటీల సూపియ్యనీకి తీస్కపోతున్న."

"అట్లయితే దానికీ టికెట్ కొట్టాలె" అని నవ్వుతూ ముందుకు వెళ్లింది.

ఆయన నవ్వలేదు. వికారాబాద్ దిక్కున, ఎప్పుడో లావా పారి గడ్డకట్టిన నల్లరాతి గుట్ట మీద వాళ్ల తోట. అక్కడి నాటు ద్రాక్షతో తాతల నాటి నుంచి చర్చికి వైన్ చేసేది వాళ్లింట్లోనే. తెగులొచ్చి తోటంతా పోయింది.

"ఇదొక్కటే బతికింది సార్. శాంపిల్ తెమ్మన్నరు. నిన్న పొద్దుగాల వేర్లతో సహా తవ్వి తీసిన."

గోనె చివర వేళ్లు తెగి, ఎండి వేలాడుతున్నాయి.

ఏ గదికి పోవాలో చూడమని ఫోన్ ఇచ్చాడు. ఇంగ్లీషు మెసేజ్‌లో గది నంబరు ఉంది. దాని కింద, రెండు ఆకులు చాలు, తీగను కదిలించవద్దు అని ఉంది.

గది నంబరు చెప్పాను.

"ఇంకేమన్న రాసిండ్రా సార్?"

"లేదు" అన్నాను.

క్యాంపస్‌లో దిగబోతూ, వేళ్లు తడపడానికి నా సీసాలో నీళ్లు కొంచెం అడిగాడు. సీసా మొత్తం ఇచ్చేశాను.